బాఖ్, త్యాగయ్య, నడుమ ఒక వయొలిన్



ఇళయరాజా ఎవరో మన దిక్కు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ‘సాగర సంగమం’, ‘గీతాంజలి’, ‘శివ’ పాటలు చెవిన పడకుండా కరీంనగర్‌లో బస్సెక్కి, జగిత్యాల, నిర్మల్ మీదుగా వచ్చి ఆదిలాబాద్‌లో దిగినవాళ్లు నా ఈడువాళ్లలో దొరకరు. సంగీతానికి ఆయన అందుకున్న జాతీయ పురస్కారాల్లో రెండు తెలుగు సినిమాలవే. ఒకటి ‘సాగర సంగమం’, రెండోది ‘రుద్రవీణ’. ఈ పొద్దు మాత్రం ఆయన పాటలను పక్కన పెడదాం. పాట అన్నదే లేని ఆయన రికార్డు ఒకటుంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

1986లో వచ్చిన ఆ రికార్డు పేరు ‘హౌ టు నేమ్ ఇట్?’. దీనికేం పేరు పెట్టను అని అడుగుతున్నట్టుంటుంది. సినిమా లేదు, హీరో లేడు, పాడేందుకు సాహిత్యం లేదు. ఉన్నవి వాద్యాలు, అందులోనూ ముఖ్యంగా వయొలిన్లు. ఏ వాద్యం ఎప్పుడు అందుకోవాలి, ఏ స్వరం పలకాలి, ఎక్కడ ఆగాలి అన్నదంతా ఒక్క మనిషి కాగితం మీద రాసి చేతికిచ్చాడు. ప్రధాన వయొలిన్ వాయించినవారు వి.ఎస్. నరసింహన్. ఆ ఏడే మన ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం కూడా మొదలైంది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు, యాదికొచ్చి చెప్పాను, అంతే.

రికార్డును ఇళయరాజా ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు మన త్యాగరాజస్వామి, ఇంకొకరు జర్మనీకి చెందిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. బాఖ్ 1685లో పుట్టి 1750లో కన్నుమూశారు. త్యాగయ్య పుట్టింది 1767లో. అంటే ఒకరు పోయిన 17 ఏళ్లకు ఇంకొకరు పుట్టారు. బాఖ్ చర్చిలో ఆరాధనకు సంగీతం రాసి, పిల్లలకు నేర్పి, జీతం మీద సంసారం ఈదినవారు. త్యాగయ్య రాజాశ్రయం వద్దనుకుని తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తితో బతికినవారు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారు? ఈ రికార్డు వెనకాల ఉన్న ఊహ అదే. అందులో ఒక భాగం పేరు ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’. మా ఇంట్లో బాఖ్‌ను కలిశాను అని. దాని తర్వాతి మాటలాగా ఇంకో భాగం పేరు ‘అండ్ వి హ్యాడ్ ఎ టాక్’. కలిశాం, మాట్లాడుకున్నాం. మరో భాగం పేరు ‘ఛేంబర్ వెల్‌కమ్స్ త్యాగరాజ’. త్యాగయ్యగారు గడప దాటి లోపలికి వస్తుంటే గదిలోని వాద్యాలన్నీ లేచి నిలబడి రమ్మంటున్నాయన్నమాట.

ఛేంబర్ మ్యూజిక్ అంటే యూరప్‌లో గదిలో వాయించుకునే సంగీతం. నలుగురో ఐదుగురో వాయిస్తారు. వినేవాళ్లు దగ్గరగా కూర్చుంటారు. దీనికి ఇప్పుడు మనకు తెలిసిన రూపాన్ని స్థిరపరిచినవాళ్లలో ముఖ్యులు ఆస్ట్రియాకు చెందిన హైడన్. 1732లో పుట్టి 1809దాకా బతికారు కాబట్టి మన త్యాగయ్యకు సమకాలికులే. రెండు వయొలిన్లు, వాటికంటే కొంచెం పెద్దదైన వయోలా ఒకటి, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి, ఈ నాలుగింటికి ఆయన రాసిన రచనలు ఇప్పటికీ ప్రపంచమంతా వాయిస్తున్నారు. ముందు నిలబడి చేతికర్రతో నడిపించే మనిషి ఉండడు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఊపిరి కలుపుకుంటూ వాయించాలి. ఒక్కో వరుసకు ఒక్కరే దిక్కు. పెద్ద బృందంలో ఒకరు తడబడితే పక్కవాళ్ల మోతలో కలిసిపోతుంది, ఇక్కడ ఆ వీలు లేదు. ఇళయరాజా రికార్డులో తీగ వాద్యాల బృందం అంత చిన్నదేం కాదు. అయినా రాసిన తీరు గదికి తగిన తీరే. ప్రతి వరుసా విడివిడిగా వినపడాలన్న పట్టుదల అందులో ఉంది.

గదిలో వినే సంగీతం మన జిల్లాలకు కొత్తదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు దిక్కు గోండు గూడేల్లో పర్ధానులు కిక్రి పట్టుకుని తమ దాతల ఇళ్లకు వస్తారు. మూడు తీగల వాద్యం అది, కమానుతో వాయిస్తారు. దాని తోడుతో ఆ ఇంటి వంశం కథ, ఆ వంశపు దేవుళ్ల కథ గంటల తరబడి పాడతారు. 1940లలో మార్లవాయిలో ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ అన్న పుస్తకం రాసింది చాలావరకు ఆ పర్ధానుల నోట విన్న కథల మీద ఆధారపడే. ఆ సంగీతం వేరు, దాని పని వేరు. దాన్ని ఎవరో ఒక్కరు కట్టలేదు, తరాలు కట్టుకుంటూ వచ్చాయి. కానీ వినే పద్ధతి చూడండి. కమాను తీగను తాకే చప్పుడు కూడా వినపడేంత దగ్గరగా కూర్చోవడం, నడుమ లేచిపోకపోవడం. ఛేంబర్ సంగీతం శ్రోత నుంచి కోరేది కూడా ఇంతే.

ఇంకో మాట. శాస్త్రీయ సంగీతం వినాలంటే స్వరజ్ఞానం ఉండాలని మనలో చాలామందికి ఒక జంకు. ఆ జంకు పోగొట్టినవారు మన ఆదిలాబాద్‌లోనే ఉండేవారు. సామల సదాశివగారు. 1928లో పుట్టి 2012లో పోయారు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ తెలిసిన మనిషి. ‘మలయమారుతాలు’, ‘సంగీత శిఖరాలు’ లాంటి పుస్తకాల్లో హిందుస్తానీ గాయకుల గురించి రాసిన తీరు ఎట్లా ఉంటుందంటే, ఇంటి ముందర కుర్చీ వేసుకుని చుట్టాల సంగతులు చెబుతున్నట్టుంటుంది. ‘స్వరలయలు’ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన కచేరీలు చేసిన విద్వాంసుడు కాదు. చెవి పెట్టి విన్నారు, విన్నది మంచి తెలుగులో చెప్పారు. ఎక్కడో లక్నోలో, కొల్హాపూర్‌లో పాడినవాళ్లు మన ఊరి మనుషులైపోయారు. ఆ చెవితో జర్మనీ సంగీతం కూడా వినొచ్చు.

ఇగ వయొలిన్ సంగతి. ఈ రికార్డుకు అది ఆయువుపట్టు కాబట్టి కొంచెం వెనక్కి పోవాలి. తంజావూరును మరాఠా రాజులు ఏలిన రోజుల్లో, 1798 నుంచి 1832దాకా రెండో శరభోజి గద్దె మీద ఉన్నాడు. ఆ రాజుకు అన్ని విద్యల మీదా మోజే. ఆయన కొలువులో యూరప్ వాద్యాల బ్యాండు ఉండేది. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే తిరువయ్యారులో త్యాగయ్య తెలుగులో కీర్తనలు కడుతున్నారు. అదే కాలంలో మద్రాసులో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. అట్లా ఆ వాద్యం కర్ణాటక సంగీతంలోకి వచ్చింది. వచ్చిన వంద ఏళ్లలోపే అది పరాయిదన్న సంగతి కూడా జనం మరిచిపోయారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ వయొలిన్‌ను గాయకుడి పక్కన కూర్చునే స్థానం నుంచి వేదిక నడుమకు తెచ్చి, తానొక్కరే కచేరీ చేసి మెప్పించారు.

వాద్యం ఒకటే గానీ వాడకం వేరైపోయింది. పడమటివాళ్లు వయొలిన్‌ను గడ్డం కింద ఆనించి నిలబడి గానీ కుర్చీలో కూర్చుని గానీ వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, దాని తలను కుడి కాలి చీలమండ మీద ఆనిస్తారు. అప్పుడు ఎడమ చెయ్యి వాద్యాన్ని మోయాల్సిన పని తప్పి, తీగ మీద పైకీ కిందికీ జారేందుకు తీరిక దొరుకుతుంది. గమకం పుట్టేది ఆ జారుడులోనే. వాళ్లు నాలుగు తీగలకు నాలుగు వేర్వేరు స్వరాలు పెట్టుకుంటే మనం షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, పంచమం అని సరిపెట్టుకున్నాం. వాళ్లకు ఒక స్వరం మీద నిలబడి దాన్ని సన్నగా వణికించడం అందం. మనకు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయే దారి అందం. ‘హౌ టు నేమ్ ఇట్?’ వింటుంటే ఈ రెండు అలవాట్లూ ఒకే మనిషి చేతుల్లో వినపడతాయి. నరసింహన్ ఒక వాక్యం పడమటి దేశపు మనిషిలాగా సూటిగా పలికి, వెంటనే తర్వాతి వాక్యాన్ని తంజావూరు మనిషిలాగా వంపు తిప్పి పలుకుతారు. రికార్డు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఈ సంగతే. రాసినవాడికి ఎంత పేరుందో వాయించినవాడికి అంత పేరు రాకపోవడం కొంచెం బాధగా కూడా ఉంటుంది.

మాటలు లేకుండా వాద్యాల కోసమే రచన చేయడం మన తెలుగువాళ్లలో అంతకుముందు లేదా అంటే ఉంది. దానికి దారి వేసింది, ఇక్కడ కూర్చుని చెబుతున్నానని కాదు గానీ, రేడియోనే. 1952లో రవిశంకర్ సారథ్యంలో ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందం ఏర్పడింది. హిందుస్తానీ, కర్ణాటక వాద్యాలను ఒకచోట చేర్చి, వాటికోసం ప్రత్యేకంగా రచనలు చేయించారు. తర్వాతి కాలంలో ఆ బృందాన్ని నడిపినవాళ్లలో ద్రాక్షారామానికి చెందిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు ఒకరు. ‘ఆదర్శ శిఖరారోహణం’ అని ఎవరెస్టు శిఖరం ఎక్కడాన్ని వాద్యాలతోనే చెప్పిన రచన ఆయనది. అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ మంచుకొండ ఎక్కడాన్ని ఒక్క మాట లేకుండా చెప్పాలని అనుకోవడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం.

ఆయన శిష్యులు చిట్టిబాబుగారు. 1936లో కాకినాడలో పుట్టారు, 1996లో పోయారు. ‘కొమ్మలో కోయిల’ అని ఆయన వీణ మీద వాయించిన రచన మీలో చాలామంది వినే ఉంటారు. కోయిల కూతను వీణ తీగ మీద అచ్చంగా పలికిస్తారు. ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్’ అన్న రికార్డులో ఇట్లా తన సొంత రచనలనే, కీర్తనల జోలికి పోకుండా, వాద్యాల తోడుతో వినిపించారు. ఒకే స్వరకర్త, చిన్న బృందం, వాద్య రచనలు. మన తెలుగులో ఛేంబర్ రికార్డు అని దేన్నైనా వేలు పెట్టి చూపించమంటే నేను ముందు దాన్నే చూపిస్తాను. పండితుల్లో కొందరికి అది తేలికగా అనిపించి ఉండొచ్చు. కోయిల కూత, గుడి గంటలు వీణలో వినిపించడం గారడీ అని పెదవి విరిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. మాట ఆసరా లేకుండా శ్రోతను కూర్చోబెట్టాలంటే మొదట్లో ఇట్లాంటి పట్టుకొమ్మ ఏదో ఒకటి కావాలి.

చిట్టిబాబు వీణ గట్టి గురుకులం నుంచి వచ్చింది. ఇళయరాజా వచ్చిన దారి వేరు. 1943లో తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లెలో పుట్టారు. అన్న పావలర్ వరదరాజన్ నడిపిన పాటల బృందంతో ఊరూరా తిరుగుతూ హార్మోనియం వాయించారు. మద్రాసు చేరాక ధన్‌రాజ్ మాస్టారు అనే ఆయన దగ్గర పడమటి సంగీతం నేర్చుకున్నారు. బాఖ్ పరిచయమైంది అక్కడే. సినిమాల్లో గిటార్ వాయించారు, కన్నడ సంగీత దర్శకులు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా చేశారు, 1976లో ‘అన్నకిళి’తో సంగీత దర్శకుడయ్యారు. హార్మోనియం ముందర పెట్టుకుని వెతుక్కోకుండా మనసులో విన్నదాన్ని నేరుగా స్వరలిపిలో కాగితం మీద పెట్టడం ఆయన పద్ధతి. మద్రాసు సినిమా స్టూడియోల్లో ఆ లిపి చూసి చూడగానే వాయించే వయొలిన్ కళాకారులు అప్పటికే ఉన్నారు. కొందరు చర్చి సంగీతం నుంచి, కొందరు కర్ణాటక కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. పొద్దున సినిమాకు వాయించిన చేతులే ఇట్లాంటి రికార్డు కూడా వాయించగలిగే చోటు ఆ రోజుల్లో మన దేశంలో ఎన్ని ఉండి ఉంటాయి?

‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’ దగ్గరికి వద్దాం. బాఖ్ 1720 నాటికి ఒక్క వయొలిన్ కోసం, పక్క వాద్యమేదీ లేకుండా, ఆరు రచనలు చేశారు. వాటిలో చివరిదైన ‘మూడో పార్టీటా’ అనే రచన ఆరంభ భాగం ఇక్కడ వినిపిస్తుంది. ఎక్కడా నిలబడని స్వరాల పరుగు అది. మన లెక్కలో శంకరాభరణం స్వరాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చెవికి పరాయిగా అనిపించదు. ఒక తీగను అట్లాగే మోగిస్తూ పక్క తీగ మీద స్వరాలు మార్చుతుంటే, వాయించేది ఒకరా ఇద్దరా అన్న అనుమానం వస్తుంది. ఇళయరాజా చేసిందేమిటంటే, ఆ పరుగును అట్లాగే ఉంచి, దాని చుట్టూ తన తీగ వాద్యాల వరుసలు అల్లారు. ఇంటికొచ్చిన పెద్దమనిషి మాట్లాడుతుంటే అడ్డం రాకుండా, ఆయన మాటల సందుల్లోంచి తన మాట కలిపినట్టు.

ఇది అపచారమని అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. ఈ ఆరు రచనలకూ జర్మనీలోనే షూమన్ 1853లో పియానో తోడు రాశారు. ఫ్రాన్సులో గునో, బాఖ్ కీబోర్డు రచన ఒకదాని మీద కొత్త రాగవరుస వేసి జగమంతా ప్రసిద్ధమైన ప్రార్థన గీతం చేశారు. అసలు బాఖ్ గారే 1731లో తన ఈ ఆరంభ భాగాన్నే తీసుకుని, ఆర్గాన్‌కు మార్చి, వెనకాల వాద్యబృందాన్ని పెట్టి ఒక చర్చి రచనలో వాడుకున్నారు. కాబట్టి ఇళయరాజా పోయింది బాఖ్ తలుపు తీసి ఉంచిన దారిలోనే.

ఇంకో భాగం పేరు ‘మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్’. ఫ్యూగ్ అన్నది బాఖ్‌కు ప్రాణమైన పద్ధతి. దాన్ని పుస్తకాల్లో చదివితే తల తిరుగుతుంది, మన ఒగ్గు కథతో చెబితే తేలిక. హనుమాజీపేట మిద్దె రాములుగారి లాంటి కథకుడు ఒక వరుస ఎత్తుకుంటాడు. అది పూర్తయ్యాక వంతవాళ్లు దాన్ని అందుకుంటారు. ఇప్పుడు వంతవాడు ఆగకుండా, కథకుడి వరుస సగంలో ఉండగానే అదే వరుసను ఇంకో శ్రుతిలో మొదలుపెట్టాడనుకోండి. కథకుడు ఆపకుండా తన పాటను వేరే దారిలో కొనసాగిస్తాడు. మూడోవాడు, నాలుగోవాడు కూడా అట్లాగే వచ్చి చేరతారు. నలుగురూ ఒకేసారి పాడుతున్నా గోల కావద్దు, ఎవరి వరుస వాళ్లది వినపడాలి, కలిసినప్పుడు ఇంపుగా ఉండాలి. అదీ ఫ్యూగ్. ఇంత లెక్క ఉన్న పనికి ఇళయరాజా పిచ్చి, మనోస్థితి అన్న మాటలు కలిపి పేరు పెట్టడం ఆయన కొంటెతనం.

త్యాగయ్యకు స్వాగతం చెప్పే భాగం గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. అందులో తీగ వాద్యాలు చేసిన మర్యాదకు లోటు లేదు. అయినా త్యాగయ్య పేరు వినగానే మన చెవి మాట కోసం ఎదురుచూస్తుంది. బాఖ్ వయొలిన్ రచనకు మాట ఎప్పుడూ లేదు, అందుకని ఆ భాగంలో ఏదీ తగ్గినట్టు అనిపించదు. త్యాగయ్య దగ్గర రాగం ఎంతో, రాముడితో పోట్లాడే తెలుగు అంతే. ఆ అలకలూ, ఎత్తిపొడుపులూ, బతిమాలుకోవడాలూ తీసేస్తే మిగిలిన సంగీతం గొప్పదే, కానీ అది ఆయనలో సగం. తమిళంలో పుట్టి పెరిగిన స్వరకర్తకు ఇది అంత పెద్ద లోటుగా తోచకపోవచ్చు. తెలుగు వినేవాడికి తోస్తుంది. ఈ రికార్డులో బాఖ్ నిజంగానే ఇంట్లోకి వచ్చి కూర్చున్నారు, త్యాగయ్య ఇంకా గడప దగ్గరే ఉన్నారని నాకనిపిస్తుంది.

రికార్డులోని భాగాల పేర్లు చూస్తే ఇంకో ఆలోచన వస్తుంది. ఒకదాని పేరు ‘యూ కెనాట్ బి ఫ్రీ’, నువ్వు స్వేచ్ఛగా ఉండలేవు. ఇంకోదాని పేరు ‘ఇట్ ఈజ్ ఫిక్స్‌డ్’, అంతా ముందే నిర్ణయమైపోయింది. వేదాంతంలాగా ఉన్నాయి గానీ, నాకు మాత్రం ఇవి వయొలిన్ పట్టుకున్న మనిషిని ఉద్దేశించిన మాటలుగా వినపడతాయి. మన కచేరీలో కీర్తన త్యాగయ్యదే అయినా, సంగతులు, ఆలాపన, స్వరకల్పన వాయించేవాడివి. ఇవాళ వాయించినట్టు రేపు వాయించడు, వాయిస్తే మెచ్చుకోం. ఇక్కడ అట్లా కుదరదు. నాలుగు వరుసలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నప్పుడు ఒకరు తమ మనోధర్మం కొద్దీ ఒక్క స్వరం సాగదీసినా అల్లిక తెగుతుంది. అంటే అల్లిక కావాలంటే స్వేచ్ఛను వదులుకోవాలి. హిందుస్తానీ బడేఖయాల్ గంటసేపు విని పెరిగిన మన ప్రాంతపు శ్రోతకు ఇది మొదట ఇరుకుగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే ఆ ఇరుకులో నరసింహన్ ఒక గమకాన్ని ఎంత కొలతగా ఉంచారో గమనించడం మొదలుపెడితే, ఖయాల్‌లో దొరకని రుచి ఒకటి దొరుకుతుంది. ఇక చివరి భాగం పేరు ‘డూ ఎనీథింగ్’, ఏమైనా చేసుకో. దానికి ముందున్నది ‘డోంట్ కంపేర్’, పోల్చవద్దు. నేను ఇంతసేపూ చేస్తున్నది అదే కాబట్టి ఆ మాట విననట్టు ముందుకు పోతాను.

తర్వాత 1988లో ‘నథింగ్ బట్ విండ్’ వచ్చింది. అందులో ప్రధాన వాద్యం వేణువు, వాయించినవారు హరిప్రసాద్ చౌరాసియా, వెనకాల పెద్ద వాద్యబృందం. బాగుంటుంది, ఎక్కువ మందికి నచ్చేది కూడా అదే. కానీ అక్కడ వేణువు ముందు నడుస్తుంది, మిగతావి వెంట నడుస్తాయి. మొదటి రికార్డులో ఉన్న నలుగురి మాటామంతీ అందులో తక్కువ. ఆ పైన సింఫనీల దాకా వెళ్లారు. 1993లో లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన సింఫనీ రికార్డింగు విడుదల కాలేదు. 2025 మార్చి 8న, 80 దాటిన వయసులో, అదే లండన్‌లో అదే ఆర్కెస్ట్రా ‘వేలియంట్’ పేరుతో ఆయన సింఫనీని వేదిక మీద వాయించింది. పత్రికలన్నీ దాని గురించే రాశాయి, రాయవలసిందే. నా మనసు మాత్రం ఆ గది దగ్గరే ఆగింది.

ఎందుకంటే ఆ గది నుంచి ఇంకో దారి బయల్దేరింది. 1993లో వి.ఎస్. నరసింహన్ మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ అని నలుగురి బృందం పెట్టారు. హైడన్ నాటి ఆ నాలుగు వాద్యాలే. వీళ్లు వాయించేది మాత్రం కర్ణాటక కీర్తనలు. మొదటి వయొలిన్ కీర్తనను గమకాలతో సహా, మన పద్ధతిలో పలుకుతుంది. మిగతా మూడూ కింద నుంచి పడమటి పద్ధతిలో స్వరాలు కట్టి నిలబెడతాయి. చెప్పినంత తేలిక కాదిది. మన రాగంలో స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది. ఊగేదాని కింద స్థిరమైన స్వరాల కట్టు వేస్తే రాగం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. నరసింహన్ కింది వరుసలను చాలాచోట్ల పలచగా ఉంచుతారు, రాగంలో లేని స్వరం రాకుండా చూసుకుంటారు. ఇళయరాజా గదిలో గడప దగ్గర నిలబడ్డ త్యాగయ్య ఇక్కడికొచ్చేసరికి నడుమ కూర్చున్నారు. మాట ఇక్కడా లేదు నిజమే. కానీ కీర్తన తెలిసిన తెలుగువాడు వింటే సాహిత్యం దానంతట అదే నోట్లో ఆడుతుంది. ఈ ఒక్క విషయంలో చెన్నై సభలో ముందు వరుసలో కూర్చున్న తమిళ రసికుడి కంటే కోరుట్లలోనో బెల్లంపల్లిలోనో కూర్చుని వినే మనం ఒక మెట్టు పైన ఉన్నాం.

వినాలనుకునేవాళ్లకు ఒక ఉపాయం. ఫోన్ స్పీకర్ మీద వింటే చెల్లో వినపడదు, చెల్లో వినపడకపోతే సగం సంభాషణ పోయినట్టే. చెవుల్లో పెట్టుకునేవి గానీ కొంచెం మంచి స్పీకర్ గానీ వాడండి. ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’తో మొదలుపెట్టండి. మొదటిసారి పరుగెత్తే వయొలిన్‌నే పట్టుకుని పోండి. రెండోసారి దాన్ని వదిలేసి, దాని చుట్టూ నెమ్మదిగా కదిలే తీగలను వినండి. రెండూ కలిపి వినడం మూడోసారికి వస్తుంది. ఆ తర్వాత ఫ్యూగ్. ‘ఛేంబర్ వెల్‌కమ్స్ త్యాగరాజ’ను చివరికి ఉంచుకుని, అది వినే ముందు మీకు బాగా తెలిసిన త్యాగరాజ కీర్తన ఒకటి, ఎవరు పాడిందైనా సరే, మాటలతో వినండి. నేను ఆ భాగం మీద చెప్పిన తీర్పు మీకు సరికాదనిపిస్తే కేంద్రానికి ఒక కార్డు ముక్క రాయండి.